రౌతు ఏ గడిలో ఉన్నాడు

"ఎడమవైపు, ముందు గడి," అన్నాడు అన్నయ్య. అని, గుర్రం బొమ్మ మీది నుంచి చెయ్యి తీసేశాడు. తీసేసి, ఏదో ఘనకార్యం చేసినవాడిలా కుర్చీలో వెనక్కి వాలాడు.

చెల్లెలు బొమ్మల వైపు మళ్లీ చూసింది. ఎడమ పక్కన, సరిగ్గా ఆ గడిని ఆనుకుని, ముగ్గురు బల్లెంగాళ్లు నిలబడి ఉన్నారు. ఎర్రరంగు పూసిన చెక్కబొమ్మలు, ఒక్కొక్కటీ బొటనవేలంత ఉంటాయి. కుడి పక్కన ఉన్నది ఒకే ఒక్కడు. ఆట తెలియని పసిపిల్లను అడిగినా కుడివైపుకి జరగమనే చెబుతుంది. పదహారేళ్లుగా ఈ ఆట ఆడుతున్న మనిషి, ఈ బల్లకు నియమాలు రాసిపెట్టిన మనిషి, ముగ్గురి బల్లేల మీదికి రౌతును తోసేసి తాపీగా టీ తాగుతున్నాడు.

ఆట తెలియనివాళ్లకు నాలుగు ముక్కలు చెప్పాలి. బల్ల మీద గళ్లు గీసిన పలక ఉంటుంది. ఒకరు కథ నడుపుతారు, శత్రువులను కదుపుతారు; ఈ బల్ల దగ్గర అది చెల్లెలి పని. మిగిలినవాళ్లు తలా ఒక వీరుడై ఆ కథలోకి దిగుతారు. ఏం చేస్తామో నోటితో చెప్పడం, అది అయిందో లేదో పాచిక తేల్చడం, ఇంతే సంగతి. కాలినడకవాడు నిలబడేది ఒక్క గడిలో. గుర్రం పెద్ద జంతువు కాబట్టి నాలుగు గళ్లు తీసుకుంటుంది. మరి దాని మీద కూర్చున్న రౌతు ఏ గడిలో ఉన్నట్టు? నాలుగింట్లోనూ ఉన్నాడంటే చుట్టూ మూగిన పన్నెండుమందీ వాణ్ణే పొడుస్తారు. ఏ గడిలోనూ లేడంటే ఇక వాడికి చావే లేదు. ఈ సందేహం మీద ఒకప్పుడు ఒక ఆదివారమంతా ఇదే బల్ల దగ్గర జుట్టూ జుట్టూ పట్టుకున్నంత పనయింది. చివరికి అన్నయ్యే బస్సు డిపోలో ఇచ్చే డ్యూటీ కాగితం వెనక్కి తిప్పి రాసి గోడకు అంటించాడు. రౌతు ఉండేది ఒక్క గడిలోనే. ఏ గడో తన వంతు రాగానే ఆటగాడే చెప్పాలి. ఆ గడిని ఆనుకున్న శత్రువు రౌతును పొడుస్తాడు, మిగతా గళ్లను ఆనుకున్నవాళ్లు గుర్రాన్ని పొడుచుకోవలసిందే. బొమ్మ మీద చెయ్యి ఉన్నంతసేపూ కథ నడిపేవాళ్లు నోరు విప్పకూడదు. చెయ్యి తీశాక ఆటగాడు మాట మార్చకూడదు.

చివరి వాక్యం కింద అన్నయ్య రెండు గీతలు గీశాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం అని వదిన అప్పుడే అంది. అనదా మరి, ఆ రోజు వంట చల్లారిపోయింది.

"ఇంకేమైనా చెప్పేదుందా అన్నయ్యా?" అని అడిగింది చెల్లెలు. అలా అడగడం కూడా నియమానికి విరుద్ధమే. అయినా అడిగింది.

"ఏముంటుంది? అటు ఖాళీగా ఉంది కదా. అందుకే వాణ్ణి అటు కూర్చోబెట్టా. నువ్వు కానియ్."

బల్లకు అవతల కూర్చున్న కండక్టరు దగ్గాడు. అన్నయ్య ఏడో నంబరు బస్సు నడిపినన్నాళ్లూ ఆ బస్సులో టిక్కెట్లు కొట్టింది ఇతనే. ఆటలో మంత్రగాడు. బొమ్మలను చూశాడు, చెల్లెలిని చూశాడు, తన టీగ్లాసులోకి చూపు దించుకున్నాడు.

అన్నయ్య మళ్లీ ఆటకు కూర్చున్నాక ఇది మూడో ఆదివారం. మొదటి ఆదివారం అడవిదారిలో ఎడమవైపు నుంచి తోడేలు కరిచినప్పుడు చెల్లెలు అన్నయ్య అదృష్టం బాగా లేదనుకుంది. రెండో ఆదివారం ఎడమవైపు గోడ మీది నుంచి బాణం తగిలినప్పుడు మనసు ఆట మీద లేదనుకుంది. అనుకోవాలనుకుంటే ఎన్నయినా అనుకోవచ్చు. ఈ రోజు మాత్రం అనుకోవడానికి ఏమీ మిగల్లేదు. పైగా పలక పక్కనే, అన్నయ్య తిరిగి డ్యూటీలో చేరడానికి డిపో అడిగిన పత్రం ఉంది.

ఆ పత్రం సంగతి ఇది. నాలుగు నెలల కిందట డిపోలో ముఖం కడుక్కుంటూ అన్నయ్య పడిపోయాడు. మెదడులో కుడివైపు రక్తనాళం మూసుకుపోయిందన్నారు. ఎడమ చెయ్యీ ఎడమ కాలూ పనిచెయ్యలేదు. మూడు నెలలకు రెండూ లేచాయి. ఇంటికి పంపేటప్పుడు పెద్దాసుపత్రి డాక్టరు "ఎడమవైపు కాస్త కనిపెట్టి చూసుకోండి" అన్నాడు. అందరూ చేతిని, కాలిని చూసుకున్నారు. నూనె రాశారు, రబ్బరు బంతి పిసికించారు. డాక్టరు చెప్పింది ఇంకేదైనా కావచ్చునని ఎవరికీ తట్టలేదు. పోయిన వారం డిపో డాక్టరు రక్తపోటు చూశాడు, పిడికిలి బిగించమన్నాడు, గోడ మీది అక్షరాలు చదవమన్నాడు. ఆ అక్షరాల పలక ఇరవై రెండేళ్లుగా మారలేదు. డిపోలో ప్రతి డ్రైవరుకూ అది కంఠతా వచ్చు, నిద్రలో లేపినా పైనుంచి కిందికీ కిందినుంచి పైకీ అప్పజెబుతారు. అన్నయ్య కూడా అప్పజెప్పాడు. డాక్టరు పత్రం మీద సంతకం పెట్టేశాడు.

ఇక మిగిలింది దగ్గరి బంధువు సంతకం. ఉద్యోగంలో చేరేనాటికి అన్నయ్యకు పెళ్లి కాలేదు. అప్పటి కాగితాల్లో ఆ చోట చెల్లెలి పేరు రాశాడు, తర్వాత మార్చడం మర్చిపోయాడు. పత్రంలో ఒక ప్రశ్న, కింద రాయడానికి ఒక పొడుగాటి గీత ఉన్నాయి. 'జబ్బు తర్వాత మనిషిలో ఏమైనా మార్పు గమనించారా?' చెల్లెలు లేదని రాసి సంతకం పెడితే అన్నయ్య రేపు ఎనిమిదింటికి డిపోలో పత్రం ఇస్తాడు, పదింటికి బండెక్కుతాడు. ఏడో నంబరు బండి సంత మధ్యలోంచి, రెండు బడుల ముందునుంచి పోతుంది.

చెల్లెలు బట్టల ఫ్యాక్టరీలో కటింగ్ మాస్టర్. నలభై పొరల గుడ్డ మీద ఒకే ఒక్క గీత గీసి కత్తి వేసే మనిషి. చెయ్యి వణకడం ఎరగదు. ఆ చేత్తోనే పాచిక అందుకుని మూడుసార్లు వేసింది.

మొదటి బల్లెం తగిలింది. రెండోది తప్పింది. మూడోది గట్టిగా దిగింది.

"రౌతుకు పదమూడు పాయింట్ల దెబ్బ," అంది.

అన్నయ్య గ్లాసు కింద పెట్టాడు. "రౌతుకా? ఎవడు పొడిచాడు?"

"బల్లెంగాళ్లు."

"ఒక్కడే కదే ఉన్నది. వాడు కుడివైపున్నాడు. వాడికి అందేది గుర్రం. నియమం చదువుకో."

"ఎడమవైపు ముగ్గురున్నారన్నయ్యా."

అన్నయ్య పలకను చూశాడు. నిజంగానే చూశాడు, ముందుకు వంగి, కళ్లు చికిలించి. చూపు గుర్రం దాకా వచ్చి ఆగిపోయింది. అక్కడితో లోకం అయిపోయినట్టు మళ్లీ కుడికి తిరిగి చెల్లెలి మీదికి వచ్చింది. "ఎక్కడే? హాస్యాలాడుతున్నావా?"

"ఉన్నారు గురూ," అన్నాడు కండక్టరు నెమ్మదిగా. "ముందునుంచీ అక్కడే ఉన్నారు."

"ఓహో, నువ్వూ చేరావా? ఇద్దరూ కలిసి నాకు చెవిలో పువ్వు పెడుతున్నారన్నమాట." అన్నయ్య నవ్వాడు, కానీ చెవులు ఎర్రబడ్డాయి. ఆటలో మోసమంటే అతనికి ఒళ్లు మండుతుంది. ఒకసారి పాచికను రెండోసారి దొర్లించాడని చిన్ననాటి స్నేహితుణ్ణే బల్ల దగ్గర్నుంచి లేపేశాడు.

చెల్లెలు మంచినీళ్ల వంక పెట్టుకుని వంటింట్లోకి వెళ్లింది. అక్కడ వదిన మధ్యాహ్నం గిన్నెలు తోముతోంది.

"ఏంటట కేకలు?" అంది వదిన తిరిగి చూడకుండా.

"వదినా, అన్నయ్య ఈ మధ్య ఎలా ఉంటున్నాడు? నిజం చెప్పు."

"ఎలా ఉంటాడు? గడ్డం సగమే గీసుకుంటాడు, తొందరట; వారానికోసారి మిగతా సగం నేనే గీసిపెడతా. కంచంలో సగం వదిలేస్తాడు, ఆకలి లేదట. ఆకలి లేకపోవడమేంటి, కంచం ఇటునుంచి అటు తిప్పి పెడితే ఆ సగమూ శుభ్రంగా తినేస్తాడు. మొండితనం కాకపోతే ఏంటి చెప్పు? రోజూ తిప్పుతూనే ఉన్నా."

కుళాయి కింద చెల్లెలి చేతిలో గ్లాసు నిండి పొర్లిపోయింది. "ఎప్పట్నుంచి తిప్పుతున్నావు?"

"ఆసుపత్రి నుంచి వచ్చిందగ్గర్నుంచి. అయినా ఎందుకా మొహం? సంతకం పెట్టేశావా లేదా? నాలుగు నెలలు ఆ మనిషి ఇంట్లో గోడలు చూస్తూ కూర్చున్నాడమ్మా. నిన్న యూనిఫాం ఇస్త్రీ చేసి తలుపుకి తగిలించుకుని, దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పిచ్చెక్కేలా ఉంది నాకు, ఆయనకి ఎక్కిందేమో తెలీదు."

వదిన మీద చెల్లెలికి కోపం రాబోయి రాలేదు. నాలుగు నెలలుగా రోగిని కూర్చోబెట్టింది, నిలబెట్టింది, నడిపించింది ఆవిడే. కంచం తిప్పడానికి డాక్టరును అడగాలని ఎవరనుకుంటారు? తానేం పొడిచింది గనక? మూడు వారాలు కళ్లెదుట చూస్తూ అదృష్టం బాగా లేదనుకుంది.

బల్ల దగ్గరికి తిరిగి వచ్చి, కూర్చోకుండానే, పలకను రెండు చేతులతో పట్టుకుని మెల్లగా సగం చుట్టు తిప్పింది. బొమ్మలు కదలలేదు. గుర్రం ఇప్పుడు అన్నయ్య వైపు మూతి పెట్టుకుని ఉంది. ఎడమనున్న ముగ్గురూ కుడికి వచ్చారు.

"అరె," అన్నాడు అన్నయ్య. "ముగ్గురు! ఎప్పుడు పెట్టావే?" ఒక్కొక్కణ్ణే వేలితో తాకి లెక్కపెట్టాడు. అంతలోనే నొసలు ముడిపడింది. "మరి ఇందాకటివాడేడి? ఆ ఒక్కడు? వాణ్ణి తీసేశావా?"

ఆ ఒక్కడు ఇప్పుడు ఎడమవైపు ఉన్నాడు. అన్నయ్య ఎడమ మోచేతికి జానెడు దూరంలో.

చెల్లెలు పలకను మళ్లీ తిప్పింది. అన్నయ్య వేలు గాలిలో ఆగిపోయింది.

"తీసేశావు," అన్నాడు. "మళ్లీ తీసేశావు. ముగ్గుర్నీ. ఆ ఒక్కణ్ణే తెచ్చిపెట్టావు."

"నా చేతులు పలక మీదే ఉన్నాయి అన్నయ్యా. బొమ్మల్ని ముట్టుకోలేదు."

"అయితే వీడు తీశాడు."

కండక్టరు రెండు చేతులూ పైకెత్తి చూపించాడు. పాపం, నిజాయితీ నిరూపించుకోవడానికి ఆ క్షణంలో అతనికి అంతకన్నా దారి దొరకలేదు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. మీసాలు దువ్వుతున్నట్టు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

వీధిలో ఎవరో బండికి హారన్ కొట్టారు. అన్నయ్య అలవాటుగా ఆ మోతకు తల ఎత్తాడు, కుడివైపు కిటికీలోకి చూశాడు. హారన్ ఎడమనుంచి వచ్చింది.

"చూడు చెల్లెమ్మా," అన్నాడు కండక్టరు, అన్నయ్యకు వినిపించదన్నట్టు. వినిపించింది. "నేను ఉంటా కదా. ముందు సీటు దగ్గరే నిలబడతా. ఎడమపక్క ఏదొచ్చినా చెప్తా. సైకిలొచ్చినా, మనిషొచ్చినా. మెల్లగా అలవాటైపోతుంది. రోజూ చెప్తా."

"మరి వెనక టిక్కెట్లెవరు కొడతారు?" అంది చెల్లెలు.

కండక్టరు టీగ్లాసును పక్కకు జరిపాడు. అన్నయ్య సంగతి అతనికి ముందే తెలుసు. రాత్రంతా ఆలోచించి తెచ్చుకున్న మాటే అయివుంటుంది, ఒక్క ప్రశ్నకు నిలవలేదు.

"ఎడమపక్క ఏదొస్తే నాకు చెప్పడమేంట్రా?" అన్నాడు అన్నయ్య. "నేను గుడ్డివాణ్ణా? చుక్కల్లాంటి అక్షరాలు కూడా చదివాను డాక్టరు దగ్గర. సంతకం పెట్టవే నువ్వు. ఆట తర్వాత ఆడుకుందాం."

పెన్ను చెల్లెలి ముందుకు తోశాడు. ఆమె తీసుకోలేదు. అడకత్తెరలో పోకచెక్క అని ఊరికే అనరు. పెడితే రేపు పదింటికి ఆ ఏడో నంబరు బండి ఎడమ పక్కన ఎవరు నడుస్తారో, వాళ్లెవరి పిల్లలో! పెట్టకపోతే ఈ మనిషి ఆ యూనిఫాం ముందు కుర్చీ వేసుకుని ఎన్నేళ్లు కూర్చుంటాడో! ఎటు చూసినా నష్టపోయేవాళ్లు కనిపిస్తున్నారు. ఆదుకునేవాళ్లే కనిపించడం లేదు. ఏడుపు వచ్చింది. ఏడిస్తే అన్నయ్యకు తను మోసం చేసి దొరికిపోయినట్టు ఉంటుందని మింగేసింది.

"అన్నయ్యా, నీకు ఎడమవైపు ఉన్నవి తెలియడం లేదు. కళ్లు బాగానే ఉన్నాయి. బుర్రకి అటువైపు ఒకటుందనే గుర్తుండటం లేదు. కంచంలో సగం వదిలేస్తున్నావంట, వదిన రోజూ తిప్పి పెడుతోంది. గడ్డం చూసుకో, కావాలంటే."

అన్నయ్య చెంప తడుముకున్నాడు. కుడి చెంపే తడుముకున్నాడు. నున్నగా ఉంది.

"గీసుకున్నాను కదే," అన్నాడు.

చెల్లెలు అతని చెయ్యి పట్టుకుని ఎడమ చెంప మీద పెట్టింది. వారం నాటి గరుకు. అన్నయ్య చెయ్యి అక్కడే ఉండిపోయింది. ఎవరిదో తెలియని ముఖాన్ని తడుముతున్నట్టు పైకీ కిందికీ కదిలింది. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. వదిన తడి చేతులతో గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

అన్నయ్య గొంతు తగ్గించి, చిన్నప్పుడు ఇంట్లో పెద్దవాళ్లకు తెలియకుండా ఏదైనా అడిగేటప్పటి గొంతుతో అన్నాడు.

"నువ్వు నిజంగా పెట్టలేదా ఆ ముగ్గుర్నీ?"

"లేదు."

"మధ్యలో? నేను టీ తాగుతున్నప్పుడు?"

"లేదన్నయ్యా."

"పోనీ పెట్టానని చెప్పవే." అతని చెయ్యి ఇంకా చెంప మీదే ఉంది. "ఊరికే ఆటపట్టించడానికి పెట్టానని చెప్పు. నేనేమీ అనను. ఎవర్నీ లేపను బల్ల దగ్గర్నుంచి. మోసమే చేశానని ఒక్క మాట అను, చాలు. ఇంక జన్మలో అడగను."

చెల్లెలు నోరు తెరిచింది. ఆ ఒక్క అబద్ధం ఎంత తేలిక! అన్నయ్య రేపు నవ్వుకుంటూ లేస్తాడు. పదహారేళ్లలో ఈ బల్ల దగ్గర ఒక్క పాచిక కూడా దొంగగా వెయ్యని మనిషి ఆమె. ఆట నేర్పింది అతనే, దొంగాట ఆడకూడదని నేర్పిందీ అతనే. వదిన కేసి చూసింది. వదిన తల అడ్డంగా ఊపిందో, నిలువుగా ఊపిందో తెలియకుండా కొంగుతో ముఖం కప్పుకుంది. కండక్టరు కేసి చూసింది. అతను బల్ల కిందికి చూస్తున్నాడు. ఈ మాట చెప్పడానికి ఇంట్లో తను తప్ప ఇంకెవరూ లేరు.

"పెట్టలేదన్నయ్యా," అంది. "వాళ్లు అక్కడే ఉన్నారు."

అన్నయ్య తల ఊపాడు. ఒకసారి, రెండుసార్లు. ఇంకా ఊపుతూనే ఉన్నాడు. తర్వాత పత్రాన్ని ఆమె ముందుకు జరిపాడు.

"అయితే ఉన్నదున్నట్టు రాయి. తప్పుడు కాగితం నా పేరు మీద వెళ్లకూడదు."

ఆమె రాసింది. గీత ఎడమ చివర మొదలుపెట్టి కుడి చివరిదాకా, గుండ్రటి అక్షరాలతో, ఒకే వరసలో. 'మా అన్నయ్యకు ఎడమవైపు ఉన్నవి కనిపించడం లేదు.' కింద సంతకం పెట్టింది. చెయ్యి వణకలేదు. వణికితే బాగుండుననిపించింది.

"ఇటియ్యి," అన్నాడు అన్నయ్య. డిపోకు వెళ్లే కాగితం ఏదైనా తను చదవకుండా పంపడు, అది అతని పద్ధతి. పత్రాన్ని ఎదురుగా పెట్టుకుని వేలు పెట్టి పైకే చదివాడు.

"ఉన్నవి కనిపించడం లేదు."

ఆగాడు. మళ్లీ చదివాడు. పెన్ను తీసి ఆమెకు అందించాడు. ఆ మొహంలో కోపం లేదు. ఆటలో నియమం సగం రాసి వదిలేసినవాళ్లకు ఓపిగ్గా చెప్పే పెద్దరికమే ఉంది.

"ఎటువైపో రాయలేదేంటే?" అన్నాడు. "అది రాయకపోతే వాళ్లకెలా తెలుస్తుంది?"